గింజ ఎవరి పేరున?

కూచిపూడి

బుజ్జమ్మా,

విత్తనాల కంపెనీ నీకిచ్చిన ఉద్యోగం కాగితం సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ చదువంటే నాకు గర్వమే. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్లు మన సాంబమసూరిలోని జన్యువునే సవరించి, బయటి జన్యువు కలపకుండా ‘కమల’ను తెచ్చారని 2025 మేలో పేపర్లో చదివి పొంగిపోయాను. పదిహేను ఇరవై రోజులు ముందే కోతకొస్తుందట. కాలువ చివర చేలున్నవాడికి అలా మిగిలే నీళ్ల విలువ తెలుసు. మారుటేరు 1010ని సవరించి ఢిల్లీ పూసా వాళ్లు చేసిన రకం ఉప్పును తట్టుకుంటుందట. నాగాయలంక, కోడూరు ఉప్పు చేలు చూసినవాడెవడూ వద్దనడు.

నా బెంగల్లా ఆ గింజ ఎవరి పేరున ఉంటుందనే.

1986లో బాపట్ల 5204 వచ్చింది, ఆ సాంబమసూరే. మొవ్వలో చుట్టాల దగ్గర కాసిని విత్తనాలు తెచ్చుకున్నాం. మీ అమ్మమ్మ ఓ పగలూ రాత్రీ నానబెట్టి, నీళ్లు వార్చి, గోతాంలో మండె కట్టి, పైన గడ్డి కప్పేది. మర్నాడు చెయ్యి దూరిస్తే లోపల వెచ్చగా తగలాలి, తెల్లటి మొలక కనపడాలి. ఆ పంటలోంచే ఇరుగుపొరుగు పట్టుకెళ్లారు, వాళ్ల నుంచి పామర్రు దాకా పాకింది. ఎవరూ ఎవరికీ రుసుం కట్టలేదు.

మీ పెద్దతాత సంగతి మనింట్లో ఎవరూ ఎత్తరు. నల్లరేగడి కౌలుకు తీసుకుని బీటీ పత్తి వేశాడు. అప్పట్లో 450 గ్రాముల పాకెట్ 1,600 రూపాయల పైమాటే, అందులో సగానికి పైగా జన్యువు మీద రుసుమే. ఏటా కొత్తగా కొనాల్సిందే. వానలు మొహం చాటేసినా అప్పు ఆగలేదు, కాలువ గట్టు చేను పోయింది. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే ఎంఆర్‌టీపీ కమిషన్ మెట్లెక్కాకగానీ పాకెట్ 750కి దిగలేదు. అప్పటికి మా అన్న మంచం పట్టాడు.

ఇప్పుడు ఊళ్లో విత్తనం దాచుకునే పురి కట్టే ఇల్లే లేదు. వడ్లు కళ్లంలోంచే లారీ ఎక్కుతున్నాయి, కుర్రాళ్లకు విత్తనమంటే కొట్లో సంచే. 2022 మార్చిలో కేంద్రం బయటి జన్యువు కలపని కమల లాంటి సవరణలకు కఠిన పరీక్షల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ సవరణ చేసే పనిముట్టు మీద ముఖ్యమైన పేటెంట్లు మాత్రం విదేశీయుల చేతుల్లోనే ఉన్నాయి. రేపు ఆ రుసుం నారుమడి దాకా వస్తే అడ్డుపడేదెవరు?

సోమవారం ఆ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టకు. నకలు విజయవాడలో మావయ్యకు పంపు, లాయరు కళ్లతో చూస్తాడు. నువ్వు తయారుచేసే రకాన్ని రైతు దాచుకుని మళ్లీ చల్లుకోవచ్చా, పక్కవాడికి ఇవ్వొచ్చా అని రాతపూర్వకంగా అడుగు. మొక్కల రకాల, రైతుల హక్కుల రక్షణ 2001 చట్టం 39వ సెక్షన్ ఆ హక్కు రైతుకిచ్చింది. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న షరతుంటే కొట్టేయించు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల చేతికివ్వకు. తొందరపెడితే వదిలెయ్. రాజేంద్రనగర్‌లో ప్రాజెక్టు పని ఉందన్నావుగా, జీతం తక్కువైనా అందులో చేరు. ఆర్నెల్ల అద్దె నేను పంపుతాను, బ్యాంకు నంబరు మీ అమ్మకు పెట్టు.

తాతయ్య