బ్రతికినవాడే యోగ్యుడా?

“యోగ్యమైనదే బ్రతుకును, అయోగ్యమైనది నశించును; ఇది ప్రకృతి శాసనము” అను మాట లోకమున తరచుగా వినబడుచుండును. బలవంతుడు తన బలమునకు, ధనవంతుడు తన ధనమునకు దీనినే ప్రమాణముగా చూపుచుందురు. ప్రకృతి నిజముగా ఇట్లు శాసించినదా? ధర్మజిజ్ఞాస గలవారు విచారింపవలసిన ప్రశ్న ఇది.

ఈ వాక్యము తొలుత డార్విన్ మహాశయునిది కాదు. జీవజాతుల పుట్టుకను గూర్చిన ఆయన గ్రంథము 1859లో వెలువడెను. హెర్బర్ట్ స్పెన్సర్ అను తత్త్వవేత్త 1864లో ఈ మాటను కల్పింపగా, డార్విన్ 1869 నాటి ఐదవ ముద్రణమున దానిని స్వీకరించెను. మాట అట్లుండగా, పరిశీలన ఏమి చెప్పుచున్నదో చూడవలెను.

ఈక్వడార్ దేశమునకు చెందిన గాలపాగస్ దీవులు పసిఫిక్ మహాసముద్రమున కలవు. అందు డాఫ్నీ మేజర్ అను చిన్న దీవిలో పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అను శాస్త్రజ్ఞ దంపతులు 1973 మొదలుకొని దశాబ్దముల తరబడి ఫించ్ అను పిచ్చుకంత పిట్టలను పరిశీలించిరి. పిట్టలను పట్టి, కాలికి గుర్తు తొడిగి, ముక్కు కొలిచి విడిచిపెట్టుచుండిరి. 1977లో అచట వానలు కురియలేదు. మెత్తని చిన్న గింజలు త్వరగా అయిపోయెను. మన పొలముల పల్లేరు జాతికే చెందిన ఒక మొక్క గట్టికాయలు మిగిలెను. దళసరి ముక్కు పిట్టలు వాటిని పగులగొట్టి గింజ తినెను. సన్నముక్కువి ఆకలికి మాడెను. ఆ దీవిలోని ఒక ఫించ్ జాతిలో నూటికి సుమారు 85 నశించెను. మిగిలినవాటి ముక్కు మందము సగటున అర మిల్లీమీటరు మాత్రమే అధికము! కరువులో ఏ పిట్టకును ముక్కు పెరుగలేదు. దళసరి ముక్కువి ఎక్కువగా మిగిలి, ఆ లక్షణము సంతతికి సంక్రమించెను.

కథ అంతటితో ముగియలేదు. 1983లో ఆ దీవిపై అధిక వర్షములు కురిసెను. చిన్న గింజల మొక్కలు తామరతంపరగా పెరిగెను. పిదప 1984-85లో వానలు తగ్గినపుడు చిన్న ముక్కు పిట్టలే ఎక్కువగా బ్రతికెను. నిన్నటి వరము నేడు భారమయ్యెను.

“యోగ్య” శబ్దము “యుజ్” ధాతువునుండి పుట్టినది. కూడుట, అమరుట దాని అర్థము. తాళముతో అమరినపుడే తాళపుచెవికి యోగ్యత. తాళము మారినచో అదే చెవి ఉత్త ఇనుపముక్క. కావున జీవశాస్త్రము చెప్పు యోగ్యత కాలముతోడి పొందికయే గాని గుణమునకు బిరుదు కాదు.

ఈ భేదమును మరచుట ఎంత క్రూరమో మన చరిత్రయే చెప్పును. 1876-78 మధ్య మదరాసు రాజధానిని పీడించిన ధాత కరువున రాయలసీమయు అలమటించెను. లక్షలాది జనులు మరణించిరి. వారెల్లరు అయోగ్యులని పలుక సాహసించు నాలుక ఏది? గాదెలో గింజలున్నవాడు బ్రతికెను. అది గాదె గొప్పయే గాని గుణము గొప్ప కాదు.

“అట్లయినను, బలహీనుని ఆదుకొనుట ప్రకృతివిరుద్ధము కాదా?” అని కొందరు శంకింపవచ్చును. ప్రకృతి జరిగినదానిని చూపునే గాని జరుగవలసినదానిని విధింపదు. నిప్పునకు కాల్చుట స్వభావము గనుక పొరుగింటికి నిప్పుపెట్టుట ధర్మమగునా? కాయను పగులగొట్టిన పిట్ట ఎదిగిన పక్కపిట్టను పిలిచి పెట్టదు; దానిని తప్పుపట్టువారును లేరు. రాబోవు కరువును ముందుగా ఊహింపగల మనుష్యునికి ఆ మినహాయింపు లేదు.

నేడు పుష్టిగా నున్నవాడు తన ముక్కునకు తగిన గింజలు దొరకు కాలమున పుట్టితినని గ్రహింపవలెను. ఆ గ్రహింపు గలవాని దానమున గర్వముండదు. పుచ్చుకొనువాని అయోగ్యతను వెదకు చూపును ఉండదు.