కుండ మార్చిన మందార

చదువవలసిన భాగములు: ఆదికాండము 24:50–58, 2 సమూయేలు 19:31–39



కుండీలో పెంచు పూలమొక్కను రెండు మూడేండ్లకొకసారి వేరొక కుండీలోనికి మార్చవలెనని తోటపని తెలిసినవారందరు ఎరుగుదురు. మన ప్రసంగములలో ఈ పోలికను తరచుగా వాడుకొందుము. ఊరు విడిచినవానికి, పని పోయినవానికి, పెనిమిటిని పోగొట్టుకొన్న స్త్రీకి, దేవుడు నిన్ను కుండ మార్చుచున్నాడని చెప్పి, ప్రార్థన చేసి, మనము మన ఇంటికి పోవుదుము. నేనును అనేకులకు అట్లు చెప్పితిని. 2025వ సంవత్సరపు తొలకరిలో ఆ మాటకు మా తల్లి నాకిచ్చిన జవాబును గూర్చి వ్రాయుచున్నాను.

మా తల్లిది కొల్లేటి లంక. తండ్రిగారు ప్రభువునందు నిద్రించిన తరువాత కూడ ఆమె ఆ ఇంటనే ఒంటరిగా ఉండెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెను గదా. ఆ బుడమేటి నీరు చివరకు చేరునది కొల్లేరే. తమ్మిలేరు నీరును అక్కడికే వచ్చును. వచ్చిన నీరంతయు ఉప్పుటేటి గుండ సముద్రమునకు పోవుటకు దినములు పట్టును. లంకలకు పోవు దారులు మునిగినప్పుడు అన్నయును నేనును వెళ్లి తల్లిని ఏలూరికి తెచ్చితిమి. ఆమె రెండు చీరలు, బైబిలు, కీర్తనల పుస్తకము, మందుల సంచి తీసికొనెను. వీటితోబాటు, వద్దన్నను వినక, ఒక మట్టికుండీలోని ముద్దమందారను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. ఆదివారము ఉదయమున దాని పూలు కోసి గుడిలో బల్లమీద గాజుగ్లాసులో పెట్టుట ఎన్నో ఏండ్లుగా ఆమెకు వాడుక.

ఏలూరికి వచ్చిన తరువాత ఆ మొక్క పూయుట మానెను. మొగ్గ తొడిగిన వెంటనే రాలిపోవును. ఆకులు పసుపు బారినవి. నీరు పోసినచో మట్టిలో ఇంకక ప్రక్కలనుండి జారి అడుగున కారిపోవును. మా సంఘపు చిన్నవాడొకడు తాడేపల్లిగూడెము దగ్గర వెంకట్రామన్నగూడెములో, 2007లో ప్రారంభమైన ఉద్యాన విశ్వవిద్యాలయములో చదువుచున్నాడు. సెలవులకు వచ్చి చూచి, "ఇది కుండీ పట్టక పస్తున్నది, వేళ్లకు చోటు లేదు" అని చెప్పెను. మరుసటి ఆదివారము గూడెపు మెట్టనుండి సంచిలో ఎర్రమట్టి కూడ తెచ్చెను.

ఆ పనిని మెట్టు మెట్టుగా చెప్పెదను. మీలో అనేకుల అరుగులమీద కుండీలున్నవి. ముందు దినము మొక్కకు నీరు పోయించెను. కుండీని ప్రక్కకు వంచి అంచును మెల్లగా తట్టగా మొక్క మట్టిగడ్డతోకూడ బయటికి వచ్చెను. వేళ్లు గడ్డ చుట్టును తిరిగి తిరిగి, మన స్త్రీలు నీళ్లబిందె క్రింద తలపై పెట్టుకొను చుట్టకుదురు వలె అల్లుకొనిపోయినవి. మట్టికన్న వేళ్లే ఎక్కువ. అతడు చాకుతో నాలుగు ప్రక్కల నిలువుగా గాట్లు పెట్టి, చుట్టుకొన్న వేళ్లను వ్రేళ్లతో విడదీసి, కుళ్లినవి కోసివేసెను. చూచుటకు నాకు కష్టముగా ఉండెను గాని, ఆ చుట్టు విప్పనియెడల ఎంత మంచి మట్టిలో పెట్టినను వేళ్లు లోలోపలనే తిరుగునట.

నేను పెద్ద తొట్టి ఒకటి కొని సిద్ధపరచితిని. అతడు దానిని ఒప్పుకొనలేదు. పాతదానికంటె రెండంగుళములు వెడల్పైనది చాలునట. వేళ్లు చేరని మట్టి తడిసి తడిసి పులిసి, ఉన్న వేళ్లను కూడ కుళ్లబెట్టునట. కొత్తకుండీ అడుగు రంధ్రముమీద పెంకు పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి పోసెను. కొల్లేటి నల్లమట్టి ఒక్కటే అయినచో వానకు బురదయై ఊపిరాడనీయదు, ఎండకు నెర్రెలు విచ్చును. కాండము పూర్వమెంత లోతున ఉండెనో అంతే లోతున నాటి, పై కొమ్మలను కూడ కొంత కత్తిరించెను. తగ్గిన వేళ్లు అన్ని ఆకులను పోషింపలేవు గదా.

మా తల్లి అరుగుమీద కూర్చుండి చూచుచుండెను. అతడు గడ్డ ప్రక్కలనుండి పాతమట్టి రాల్చుచు, "అమ్మమ్మగారూ, ఈ మట్టంతా తీసేయమంటారా?" అని అడిగెను.

"కొంచెం ఉంచు బాబూ. అది మా లంక మట్టి."

"మొదట్లో ఎలాగూ ఉంచాలండి. అంతా కడిగేస్తే మొక్క తట్టుకోలేదు" అని అతడు మొదలు చుట్టును ఉన్న పాతమట్టిని అట్లే ఉంచెను.

ప్రసంగించుటకు అలవాటుపడిన నా నోరు ఊరకుండలేదు. మోయాబును గూర్చి యిర్మీయా గ్రంథము 48:11లో ఉన్న సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. ఒక పాత్రలోనుండి మరియొక పాత్రలోనికి పోయబడని ద్రాక్షారసము వలె మోయాబు తన మడ్డిమీదనే నిలిచి, దాని రుచియు వాసనయు మారకుండెనని ప్రవక్త చెప్పుచున్నాడు. "చూశావా అమ్మా, దేవుడు మనల్ని కూడా ఇలాగే కుండ మారుస్తాడు" అంటిని.

ఆమె మందారనే చూచుచు, "నన్ను దేవుడు మార్చాడా, మీరు మార్చారా?" అనెను. కొంతసేపటికి మరల, "దానికి నోరు లేదు కాబట్టి అడగలేదు. అయినా ఆ పిల్లాడు దాని మట్టి గురించి నన్నడిగాడు. నాకు నోరుంది కదరా" అనెను.

ఆ చిన్నవాడు తలవంచుకొని మట్టి అదుముచుండెను.

సహోదరులారా, ఆ వచనము సత్యమే. అయితే అక్కడ పాత్ర మార్చువాడు యెహోవా. ఇక్కడ మార్చినవారు అన్నయును నేనును. మేము చేసిన పనిని దేవుని పేర వ్రాసి, ఆమె ఎదురు చెప్పినచో దేవునికే ఎదురు చెప్పినట్లు చేసితిమి.

మాకు కారణము లేకపోలేదు. వరద వచ్చెను, ఆమెకు చక్కెరవ్యాధి ఉన్నది, రాత్రివేళ ఏమైన జరిగిన యెడల వైద్యుని యొద్దకు చేర్చువారు లేరు. నీరు గడప దగ్గరకు వచ్చినప్పుడు పెద్దవారిని ఎత్తి బండిలో కూర్చుండబెట్టుట ధర్మమే; అప్పుడు సమ్మతి కొరకు వేచియుండరాదు. అయితే కొన్ని వారములకు నీరు తీసెను. దారి ఆరెను. క్రిస్మస్ వచ్చెను, ఈస్టరు వచ్చెను. పది నెలలలో ఒక్కదినమైనను, "అమ్మా, ఉంటావా, వెళ్తావా?" అని మేము అడుగలేదు. ఏల అడుగలేదని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. అడిగియున్నచో వెళ్లెదనని చెప్పునేమోనని భయము. వరద ఇచ్చిన అధికారమును వరద పోయిన తరువాత కూడ మేము చేతిలోనే ఉంచుకొంటిమి.

ఈ నెల చదువుటకు పైన వ్రాసిన రెండు భాగములలో అడుగుట ఉన్నది. రిబ్కా వివాహమును ఇంటివారు ముందే ఒప్పుకొనిరి. అయినను దూరదేశమునకు వెంటనే బయలుదేరు సంగతి వచ్చినప్పుడు, ఆ చిన్నదానినే పిలిచి అడిగిరి. ఆమె వెళ్లెదననెను. అంత పాతకాలమున, తండ్రి మాటయే శాసనమైన ఇంటిలో, ఈ ప్రశ్న అడుగబడినది. మన ఇండ్లలో పెండ్లిచూపుల దినమున ఎందరు ఆడపిల్లలు అడుగబడుచున్నారో పాఠకులే ఎరుగుదురు. బోధకుల బదిలీలను గూర్చి నేనిక్కడ వ్రాయను. వ్రాసిన యెడల ఈ పత్రిక పుటలు చాలవు.

బర్జిల్లయి కథ నాకు మరింత కఠినముగా తోచుచున్నది. అతడు ఎనుబది ఏండ్ల ముసలివాడు. దావీదు ఆపదలో ఉన్నప్పుడు అతనిని పోషించినవాడు. రాజు తిరిగి యెరూషలేమునకు పోవుచు, నాతోకూడ రమ్ము, నేను నిన్ను పోషించెదనని పిలిచెను. అంతకంటె మంచి కుండీ ఎవరికి దొరకును? ముసలివాడు ఒప్పుకొనలేదు. భోజనపు రుచియు పాటల ధ్వనియు తనకిక తెలియవనియు, తన ఊరిలో తలిదండ్రుల సమాధియొద్ద చనిపోవుదుననియు చెప్పి, తనకు బదులుగా కింహామును పంపెను. దావీదు అతనిని బలవంతము చేయలేదు. ముద్దుపెట్టుకొని దీవించి పంపెను. ప్రేమతో పిలిచినవాడు, రానన్న జవాబును గూడ ప్రేమతోనే పుచ్చుకొనెను.

అయితే పెద్దవారు ఎన్నడును కదలరాదని దీని అర్థము కాదు. యాకోబు నూటముప్పది ఏండ్లవాడై ఐగుప్తునకు వెళ్లెను. యోసేపు పంపిన బండ్లను చూచిన తరువాత, వెళ్లి చూచెదనని తానే చెప్పెను. దారిలో బెయేర్షెబాలో ఆగి బలులర్పించెను. అక్కడ దేవుడు భయపడవద్దని అతనితో మాటలాడెను. అంతట గాని అతడు ముందుకు సాగలేదు. అక్కడికి పోయిన తరువాత కూడ, నన్ను ఐగుప్తులో పాతిపెట్టక నా పితరుల యొద్ద పాతిపెట్టుమని కుమారునిచేత ప్రమాణము చేయించుకొనెను. మొదలు చుట్టును ఉంచిన పాతమట్టి అనగా ఇదియే గదా అని నేననుకొంటిని.

అడుగుటకు కాలము పట్టును. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. దానికి పునాదియైన సమావేశము తరంగంబాడిలో 1919లో జరిగెను. ఇరువది ఎనిమిది ఏండ్లు మాటలు సాగినవి. మొదటినుండి దానికై పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు 1945 జనవరి 1న నిద్రించిరి. ఐక్యతను కన్నులార చూడలేదు. ఏలూరి ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములు ఆ కొత్తకుండీలోనికి వెళ్లినవి. తాడేపల్లిగూడెము వైపు లూథరన్ సంఘములు తమ కుండీలోనే నిలిచినవి. ఆ ఆలస్యమును నిందించువారుందురు. ఒక రాత్రిలో ఆజ్ఞ వేసి కలిపియున్నచో, నేడు మన పల్లెలలో ఇరువురును ఒకరి సమాధి కూడికకు ఒకరు వచ్చుచుండిరా అని నాకు సందేహము.

మార్చిన తరువాతి దినములను గూర్చి ఒక మాట మరచితిని. మూడవ దినమున మందార వాడిపోయెను. నేను కంగారుపడి నీరు పోయబోగా, ఆ చిన్నవాడు ఫోనులోనే వారించెను. కోసిన వేళ్లు నీటిని పీల్చలేవు. తడి ఉండగానే మరల పోసినచో కుళ్లును. నీడలో ఉంచి ఊరకుండుడి, కొత్త చిగురు కనబడువరకు ఎరువు వేయకుడి అని చెప్పెను. తల్లి మౌనముగా ఉన్న సాయంకాలములలో నేను పోసిన ఆదరణవాక్యములు నాకు జ్ఞాపకమునకు వచ్చి సిగ్గుపడితిని.

ఆ వారమే అన్నను పిలిపించి ఇద్దరము తల్లియొద్ద కూర్చుండి అడిగితిమి. జవాబు వెంటనే రాలేదు. నాలుగు దినములైన తరువాత చెప్పెను. మందులకు, వానలకు ఏలూరిలో ఉండునట. క్రిస్మస్ నెల లంకలో ఉండునట. ఇంటికి తాళము వేసి తాళపుచెవి తనకే ఇయ్యవలెనట. ఈస్టరు తెల్లవారుజామున సమాధులతోటకు ఆమెను తీసికొనిపోవలెను. తన చోటు నాన్నగారి ప్రక్కననే. అన్న మొదట తాళపుచెవి సంగతి ఒప్పుకొనలేదు. గంటసేపు వాదించి ఒప్పుకొనెను.

మందార నెలన్నరకు చిగిర్చెను. కత్తిరించిన కొమ్మలలో నాలుగింటిని ఆ చిన్నవాడు చిన్న సంచులలో గ్రుచ్చిపోయెను. మూడు ఎండిపోయినవి. ఒకటి వేరు పట్టినది. దానిని ఇక్కడ నాటవలెనో, క్రిస్మస్‌కు లంకకు తీసికొనిపోవలెనో, ఇంకను అమ్మను అడుగవలసియున్నది.