రాజు గుమ్మము దగ్గర



ఏటా ఆగస్టు 9న, జాతీయ దినోత్సవ సందర్భంగా, సింగపూర్ ప్రభుత్వం పురస్కారాలు ప్రకటిస్తుంది. పౌర గౌరవాలలో అత్యున్నతమైనది 1962లో నెలకొల్పిన దర్జా ఉతామా తెమాసెక్. 1955లో ఆసుపత్రిలో రోగుల కష్టసుఖాలు చూసే చిన్న ఉద్యోగిగా ప్రభుత్వ సేవలో చేరి, చివరకు దేశాధ్యక్షుడైన ఎస్.ఆర్. నాథన్ గారికి 2013లో అది లభించింది. పరదేశులకూ ఇక్కడ గౌరవం ఉంది. 2008లో రతన్ టాటా గారిని గౌరవ పౌరునిగా ప్రకటించారు. భారతరత్న కూడా 1990లో నెల్సన్ మండేలాకు ఇచ్చారు.

అయితే ఎవరి పేరైనా ఆ జాబితాలోకి ఎక్కాలంటే ముందుగా ఎవరో ఒకరు చూడాలి, వ్రాయాలి. ఎవరూ చూడని మేలుకు ఏ దేశమూ పతకం ఇవ్వలేదు.

ఎస్తేరు గ్రంథం 6వ అధ్యాయం చదవండి. మొర్దెకై మనలాగే పరాయి దేశంలో బ్రతికినవాడు. రాజు ప్రాణం కాపాడాడు. ఆ సంగతి గ్రంథంలో వ్రాశారు, మరచిపోయారు. రాజుకు నిద్రపట్టని ఒక రాత్రి ఆ పుట చదివించుకున్నాకే అతనికి రాజవస్త్రము, గుఱ్ఱము దక్కాయి. ఆ ఘనత తనకేనని ఆశపడిన హామాను సిగ్గుపడ్డాడు. దానిని అడగని మొర్దెకై మాత్రం ఊరేగింపు అయ్యాక మళ్లీ రాజు గుమ్మము దగ్గరికే వెళ్లాడు.

మన సంఘ వార్షికోత్సవంలో శాలువా ఎవరికి కప్పుతున్నాం? పెద్ద ఉద్యోగం ఉన్నవారికి, పెద్ద కానుక ఇచ్చినవారికి. ఇళ్లలో పనిచేస్తూ, దొరికిన ఒక్క సెలవు దినాన్ని సండే స్కూల్ పిల్లలకు ఇచ్చే చెల్లెలి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

“ఆమె బహుమానం పరలోకంలో ఉంది కదా” అంటాం. నిజమే. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువే చెప్పాడు. కానీ ఆ మాట చేసేవారికి. చూసినవారు మరచిపోవడానికి అది సాకు కాకూడదు. ఘనత కోరకపోవడం ఆమె వంతు. ఆమెను గుర్తుంచుకోవడం మన వంతు. పౌలు రోమా సంఘానికి వ్రాసిన పత్రిక చివర ఎంతమంది ప్రయాసపడినవారిని పేరుపేరునా తలచుకున్నాడో చూడండి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే ఎంఆర్‌టీ స్టేషన్‌కు పరుగెత్తకండి. కుర్చీలు సర్దుతున్న వారి దగ్గరకు వెళ్లి, ముందు పేరు అడగండి. ఆ పేరు మీ ప్రార్థన పుస్తకంలో వ్రాసుకోండి.