తొమ్మిది నిద్రలకు ఎంత తగ్గిస్తారు?

కాశీ వెళ్తే తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్నది చాలామంది తెలుగు యాత్రికుల పట్టుదల. ఆశ్రమాల్లో, సత్రాల్లో చోటు దొరకనివాళ్లు పాండే హవేలీ, కేదార్ ఘాట్ సందుల్లో అద్దె గదులు వెతుక్కుంటారు. బేరం మెట్ల మీదే మొదలవుతుంది. "తొమ్మిది రోజులుంటాం బాబూ, కాస్త చూసి చెప్పు" అంటుంది సంచులు కింద పెట్టిన పెద్దావిడ. యాత్రికులతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు పట్టుబడ్డ యజమాని "పది శాతం తగ్గిస్తానమ్మా" అంటాడు. ఎయిర్‌బీఎన్‌బీలో ఈ మాటలూ అక్కర్లేదు. 7 రాత్రులు, ఆపైన ఉంటే వారం తగ్గింపు, 28, ఆపైన ఉంటే నెల తగ్గింపు. ఎంత శాతమో ఇంటివాళ్లు ముందే పెట్టుకుంటారు.

శాస్త్రాలు చూస్తే లెక్క తిరగబడుతుంది.

ఒక్క రాత్రి ఉండేవాడే అతిథి అంటుంది మనుస్మృతి. నిలకడగా ఉండడు కనుకే ఆ పేరు. బుఖారీ సంకలనంలోని హదీసు ప్రకారం ఒక పగలూ రాత్రీ ప్రత్యేక మర్యాద, మొత్తం మూడు రోజుల ఆతిథ్యం, ఆపైన పెట్టేది దానం. ఇంటివాళ్లకు ఇబ్బంది అయ్యేదాకా ఉండొద్దని వచ్చినవాడికీ చెబుతుంది. తొలినాళ్ల క్రైస్తవుల 'డిడాకే' మరీ కటువు: ఊరూరా తిరిగే బోధకుడు మూడో రోజూ కదలకపోతే కపట ప్రవక్తే. మన ఇళ్లలో దీన్నే 'తిష్ట వేశాడు' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. రోజులు పెరిగేకొద్దీ అతిథి హోదా తరుగుతుందన్నది వీటన్నిటి మాట. ధరల పట్టీలో మాత్రం తిష్ట వేసినవాడికే తగ్గింపు. రాత్రి పదకొండుకు రైలు దిగి, తెల్లారి స్నానం, దర్శనం చూసుకుని మధ్యాహ్నం రైలెక్కేవాడు పూర్తి ధర కడతాడు. శాస్త్రం చెప్పిన అసలు అతిథి అతనే.

మరి యజమానిది అధర్మమా? లెక్క వేసి చూద్దాం. రాత్రికి 1,500 అనుకుంటే తొమ్మిదింటికి 13,500. పది శాతం తీస్తే పోయేది 1,350. రోజుకొకరు మారితే దుప్పట్లు ఉతకడం, బాత్‌రూం కడగడం, ఆధార్ జిరాక్స్, తాళం చేతికివ్వడం తొమ్మిదిసార్లు. ఒకే కుటుంబం ఉంటే మూడుసార్లు దుప్పట్లు మారిస్తే చాలు. మార్చిన ప్రతిసారీ 200 ఖర్చనుకుంటే మిగిలేది 1,200. అంటే అతను నిజంగా వదులుకున్నది 150. మధ్యలో ఒక్క రాత్రి గది ఖాళీగా పోయే భయం తప్పిందంటే అదీ లేదు. దాన్ని పుణ్యం ఖాతాలో రాసుకోనక్కర్లేదు, తప్పు ఖాతాలోనూ వద్దు. తగ్గిన చాకిరీలో యాత్రికుడికీ వాటా దక్కింది, అంతే. శివరాత్రికి ధర రెట్టింపు చేసి 'ఇరవై శాతం తగ్గింపు' అని బోర్డు పెట్టేవాడి సంగతి వేరు. అది శుద్ధ అబద్ధం.

చోటు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువైన చోట తగ్గింపు ఊసే ఉండదు, గడువే ఉంటుంది. తిరుమలలో దేవస్థానం గది మామూలుగా 24 గంటలకే ఇస్తారు. మనం పడుకున్న మంచం కోసం కింద క్యూలో మరొకరు నిలబడి ఉంటారు కదా.

కాశీలోనే ఇంకో గడువు ఉంది. 1958లో మొదలైన ముక్తి భవన్‌కు జనం వచ్చేది చనిపోవడానికి. వృద్ధుణ్ణి కొడుకులు తీసుకొచ్చి గదిలో పడుకోబెడతారు. గడువు రెండు వారాలు. తిథి తెలియకుండా వచ్చేవాడు అతిథి అని జనం చెప్పుకునే అర్థం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఆ గదిలోవాళ్లు ఎదురుచూసే తిథి ఎవరికీ తెలియదు. పదిహేను రోజులైనా ప్రాణం నిలిచే ఉంటే ఇంటికి తీసుకెళ్లమంటారు. మరీ దగ్గరపడిందనిపిస్తే ఇంకొన్నాళ్లు ఉండనిస్తారు.