ఆసుపత్రి క్రిమీ, రోగి శరీరమూ

రోగం కుదుర్చుకోవడానికి ఆసుపత్రికి పోయినవాడు అక్కడే మరో రోగం తగిలి మరణిస్తే దానికి జవాబుదారీ ఎవరు? ఆసుపత్రి క్రిములకు టీకాలు తయారుచేసే ప్రయత్నాలు సాగుతున్న ఈ రోజుల్లో ఈ పాత ప్రశ్న మళ్ళీ తలెత్తుతున్నది.

వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో మంత్రసానులు చూసే విభాగంలో కంటె వైద్యవిద్యార్థులు చూసే విభాగంలో బాలింతలు ఎక్కువగా చనిపోయేవారు. 1846లో నూటికి 11 మంది. శవాలను కోసిన చేతులే పురుళ్ళు పోస్తున్నాయని సెమ్మెల్‌వైస్ 1847లో గ్రహించి, క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడిగించాడు. 1848లో మరణాలు నూటికి రెండైనా లేవు. అయినా పెద్దలనేకులు ఒప్పుకోలేదు. దోషం గాలిలో వుందన్నారు, స్త్రీల శరీరతత్వంలో వుందన్నారు. తమ చేతుల్లో వుందని మాత్రం అనలేకపోయారు.

నా శంక ఇక్కడే. కడగని చేతుల దోషాన్ని రోగి శరీరం మీదికి నెట్టే సాధనంగా టీకా మారదా? మా నాన్నగారికి ఆపరేషన్ జరిగిన వార్డులో నలభైమందికి ఒక్క నర్సు. కుళాయిలో నీళ్ళు పొద్దుటిపూట మాత్రమే. ఆయన కుట్లు చీము పట్టాయి. ఆ నర్సును తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

అలాగని టీకా వద్దనడం మూర్ఖత్వం. స్టాఫిలోకాకస్ క్రిమి ఆరోగ్యవంతుల్లో సుమారు మూడోవంతుమంది ముక్కులోనే కాపురముంటుంది. డాక్టరు చేతులు ఎంత కడిగినా అది కత్తిగాటులో దూరగలదు. మందులకు లొంగని క్రిములూ పెరుగుతున్నవి.

కాని దారి సుగమం కాదు. గుండె, ఛాతీ శస్త్రచికిత్సలకు ముందు వేసిన మెర్క్ కంపెనీ టీకా పరీక్షను 2011లో ఆపవలసి వచ్చింది. అది రక్షించలేదు సరిగదా, తరువాత ఆ క్రిమి సోకినవారిలో టీకా పొందినవారే ఎక్కువగా మరణించారు. 2023లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వేరే పద్ధతి ప్రకటించారు: ఏ ఒక్క క్రిమినో గురిచూడక, పుట్టుకతో వచ్చిన రక్షకకణాలనే మేల్కొలిపే టీకా. ఎలుకలలో అది 24 గంటల్లో పనిచేసింది, 28 రోజుల దాకా నిలిచింది. ఎలుకలలో ఫలించినదంతా మనుషుల్లో ఫలించదనుకోండి.

ఇరవైయెనిమిది రోజులు! గుమ్మంలో సూది పొడిచి, లోపల నర్సు ఉద్యోగం ఖాళీగా వుంచవచ్చునని ఏ లెక్కల అధికారికైనా తట్టదా?

ప్రాణం నిలిస్తే చాలు, బాధ్యత ఎవరిదైతేనేం అంటాడు సైన్సు చెప్పే నా మిత్రుడు. బలమైన వాదమే, మంచం మీదున్నవాడికి అంతకంటె వేరే వాదం అక్కరలేదు కూడా. కాని ఏ టీకా అయినా కొందరిని కాపాడలేదు. వారికి మిగిలేది కడిగిన చేయి ఒక్కటే. అదీ లేక చీము పట్టినవాడితో, టీకా వేశాం గదా, నీ శరీరతత్వమే అంత అని రేపు ఎవరూ అనరని ఆ మిత్రుడు హామీ యివ్వగలడా?