‘బాగుండారా?’ అని అడుగువారికి ఒక మాట

(ధ్యాన భాగము: రెండవ రాజుల గ్రంథము 4:8–37)



మన సీమలో ఇద్దరు స్నేహితులు చాల దినములకు కలిసికొనినప్పుడు మాటలు ఒక వరుసలో నడచును. మొదట ‘బాగుండారా?’ అని. పిమ్మట ‘పిల్లోళ్లు బాగుండారా?’ అని. ఆ తరువాత వాన సంగతి, చెనిక్కాయ పంట సంగతి, బోరులో నీళ్ల సంగతి. ఇంతలో పొయ్యి మీద సంగటి ఉడుకును, కంచములు పరచుదురు. ఈ వరుసలో దోషమేమియు లేదు. యోసేపు సహోదరులు రెండవ మారు ఐగుప్తునకు వచ్చినప్పుడు అతడు మొదట విచారించినది ముసలి తండ్రి క్షేమమును గూర్చియే. భోజనము వడ్డింపుమని చెప్పినది ఆ తరువాతనే. కుశలమడుగుట, అన్నము పెట్టుట, ఈ రెండును దేవుడు మెచ్చిన పనులే.

అయితే ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న యొకటి యున్నది. ఇంటిలో జబ్బు మనిషి యుండగా ‘బాగుండాము’ అని చెప్పుట అబద్ధమగునా? ఈ ప్రశ్న మాకు పుస్తకములో నుండి రాలేదు, మా యింటి వసారాలో నుండి వచ్చినది.

రెండేండ్ల క్రిందట, క్రిస్మసు పండుగ ముగిసిన రెండు వారములకు, పెన్న అవతలి పల్లె నుండి మా స్నేహితుడొకడు మమ్మును చూడవచ్చెను. చిన్ననాడు మిషను బోర్డింగు బడిలో మాకిరువురికిని ప్రక్కప్రక్కనే చాప. మేము సెమినరీకి పోతిమి, అతడు సేద్యమునకు పోయెను. అతడు వచ్చెనని మా యింటివారు కోడిని కోసి, రాగి సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిమిండి నూరిరి.

‘ఏమన్నా, బాగుండారా?’ అని మేమడిగితిమి.

‘బాగుండామన్నా.’

‘వదిన బాగుండాదా?’

‘ఆ, బాగుండాది.’

‘పాప?’

‘బాగుండాది. ఇస్కూలుకు పోతాండాది.’

పిమ్మట వానను గూర్చి మాటలాడితిమి. ఆ యేడు చెట్టుకు నాలుగు కాయలు గూడ పట్టలేదని అతడు చెప్పెను. సంఘపు లెక్కలను గూర్చి, పాత స్నేహితులను గూర్చి రెండు గంటలు మాటలు నడచినవి. సాయంకాలము బస్సుకు అతనిని సాగనంపి, మంచి దినము గడిచెనని మేము దేవునికి స్తోత్రము చెల్లించితిమి.

ఏప్రిలు నెలలో మా యింటివారు ప్రొద్దుటూరు పోయిరి. అక్కడ బస్టాండులో ఆ స్నేహితుని భార్యను చూచిరి. చూచి గుర్తుపట్టుటకే కొంత సేపు పట్టెనట. మనిషి సగమైయుండెను. కొంగు నోటికి అడ్డము పెట్టుకొని దగ్గుచుండెను. మా యింటివారు ఏమియు అడుగలేదు. ఒక టీ తెప్పించి చేతికిచ్చి, ప్రక్కన కూర్చుండిరి. తాము ఎక్కవలసిన బస్సు ఒకటి పోయినది, రెండవదియు పోయినది. అప్పుడామె తానే చెప్పినది. దగ్గు కార్తీక మాసము నుండి ఉన్నదట, సాయంకాలమైతే జ్వరమట, కఫములో ఒక దినము రక్తము కనబడెనట. అనగా మా స్నేహితుడు మా వసారాలో సంగటి తినుచు ‘బాగుండాది’ అని చెప్పిన దినమున ఆమె యింటిలో మంచము మీదనే ఉన్నది.

మరునాడు మేము వారి పల్లెకు పోతిమి. మాలో కొంత కోపము కూడ ఉన్నదని ఒప్పుకొనుచున్నాము. ‘మాతో ఎందుకు చెప్పలేదన్నా?’ అని అడిగితిమి. అతడు చాల సేపు తల ఎత్తలేదు. పిమ్మట, ‘నీకు చెబితే నువ్వు ప్రార్థన జేస్తావు గదన్నా’ అనెను.

ఆ మాట మాకు వెంటనే బోధపడలేదు. బోధపడిన తరువాత కూర్చున్న చోటనే నేల కుంగినట్లయినది. అంతకు ముందు సంవత్సరము మా సంఘములో ఒక తల్లి తన కుమార్తెకు క్షయ రోగము తేలెనని మాతో ఒంటరిగా చెప్పుకొని యేడ్చినది. మేము ఆ శుక్రవారపు గృహకూటములో ఆ పిల్ల పేరు చెప్పి, జబ్బు పేరు చెప్పి, గట్టిగా ప్రార్థించితిమి. భారముతోనే ప్రార్థించితిమి. తెల్లవారునప్పటికి కుళాయి దగ్గర ఆ తల్లి బిందెను ప్రక్కకు జరిపిరి. నెల తిరుగక మునుపే పిల్లకు కుదిరిన సంబంధము తప్పిపోయినది. ఆ కుటుంబము మా స్నేహితునికి దూరపు బంధువులు. అతడు వచ్చిన దినమున అబద్ధమాడెనని మేము కోపపడితిమి. నిజము చెప్పుటకు మా యింటిలో చోటు లేకుండ చేసినది మేమే.

ఇప్పుడు మన ధ్యాన భాగమును తెరచి చూతము. షూనేములో ఒక ఘనురాలు ఎలీషాకు భోజనము పెట్టి, మేడ మీద గది కట్టించి, మంచమును బల్లను పీటను దీపస్తంభమును అమర్చినది. ఆమెకు పుట్టిన ఒక్క కుమారుడు పొలములో తల నొప్పి యని కేక వేసి, మధ్యాహ్నమునకు తల్లి తొడ మీద చనిపోయెను. ఆమె బిడ్డను దైవజనుని మంచము మీద పరుండబెట్టి, గాడిదనెక్కి కర్మెలు పర్వతమునకు పోయినది. ఈ దినమెందుకు పోవుచున్నావని పెనిమిటి అడిగినప్పుడు ఆమె క్షేమమే యనినది. దారిలో గేహజీ ఎదురు పరుగెత్తి, నీవు క్షేమమా, నీ పెనిమిటి క్షేమమా, నీ బిడ్డ క్షేమమా అని మూడు ప్రశ్నలు ఒక్క ఊపిరిలో అడిగెను. అతనితోను క్షేమమే యనినది. హెబ్రీ భాషలో ఆ ప్రశ్నయు ఆ జవాబును ఒక్కటే మాట, షాలోమ్. మన ‘బాగుండారా’కు ‘బాగుండాము’ వంటిదే.

ఆమె అబద్ధమాడెనని లేఖనము ఎక్కడను ఆమెను తప్పు పట్టలేదు. గేహజీ పరుగెత్తుచు అడిగెను, ఆమె దారి సాగుచు చెప్పెను. ప్రశ్న ఎంతయో జవాబు అంతయే. దారిన పోవు ప్రతివానికి మన యింటి మంచము చూపవలసిన అప్పు మనకు లేదు. కాబట్టి ‘బాగుండాము’ అను మాట తనంతట తాను పాపము కాదని మాకు తోచుచున్నది. అది తలుపు దగ్గరకు వేయుట వంటిది.

అయితే ఆమె ఆ మాటతో ఇంటిలోనే కూర్చుండలేదు. ఆ దినమే, ఆ గడియలోనే, చెప్పవలసినవాని యొద్దకు పోయి అతని పాదములు పట్టుకొనినది. గేహజీ ఆమెను త్రోసివేయ వచ్చెను. ఎలీషా మాత్రము, ఆమె ప్రాణము దుఃఖములో ఉన్నది, దేవుడు ఆ సంగతి నాకు తెలియజేయక మరుగు చేసెను, ఆమెను విడువుమనెను. ప్రవక్తకు కూడ తెలియని సంగతి యొకటి ఉండవచ్చునని ఇక్కడ నేర్చుకొనుచున్నాము. ఆమె నోరు తెరచువరకు అతడు కనిపెట్టవలసి వచ్చెను. సంఘ కాపరులమైన మేము ఈ వచనమును మాటిమాటికి చదువుకొనవలెను.

కనుక మా ప్రశ్నకు జవాబు రెండు భాగములుగా చెప్పుచున్నాము. అందరికిని చెప్పకుండుట అబద్ధము కాదు. ఎవరికిని చెప్పకుండుట మాత్రము రోగి నుండి దొంగిలించుటయే. మా స్నేహితుని యింట మౌనముగా ఉండవలెనని నిర్ణయించినది భర్త, దగ్గినది భార్య. జబ్బు ఎవరి శరీరములో ఉన్నదో, చెప్పుటకైనను దాచుటకైనను మొదటి హక్కు ఆ మనిషిదే గదా. యాకోబు తన పత్రికలో, రోగియైనవాడే సంఘపు పెద్దలను పిలిపించుకొనవలెనని వ్రాసెను. పిలుచుట రోగి వంతు, పోవుట పెద్దల వంతు.

మరియొక సంగతి. కొన్ని జబ్బులు ఇంటితో ఆగవు. క్షయను గూర్చి మన పల్లెలలో ఇంకను తప్పు మాటలు తిరుగుచున్నవి గనుక కొంచెము వివరముగా వ్రాయుచున్నాము. ఈ జబ్బు ఒక సూక్ష్మజీవి వలన వచ్చునని రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు 1882 మార్చి 24న తెలియజేసెను. ఇది శాపము కాదు, పెద్దల పాపము కాదు. పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులడిగినప్పుడు, వాడైనను వాని తలిదండ్రులైనను పాపము చేయలేదని ప్రభువు చెప్పెను గదా. మన పెద్దల కాలములో ఈ జబ్బుకు మందు లేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో అనేక మిషనులు కలిసి నడిపిన శానిటోరియమునకు పోయి, గాలి, విశ్రాంతి, మంచి ఆహారము నమ్ముకొని రోగులు నెలల తరబడి ఉండెడివారు. మందులు వచ్చిన తరువాత, 1956లో మదరాసులో ఒక పరిశోధన కేంద్రము స్థాపింపబడెను. అక్కడి వైద్యులు కొందరు పేద రోగులను శానిటోరియములో ఉంచి, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఉభయులకును ఒకే మందులిచ్చి చూచిరి. 1959లో ఫలితములు ప్రకటించిరి. తక్కువ తిండి తినుచు గుడిసెలలో ఉండినవారును ఇంచుమించు శానిటోరియములోని వారివలెనే బాగుపడిరి. అంతకంటె ముఖ్యమైన సంగతి యేమనగా, ఇంటిలో ఉండి మందు తినినవారి వలన ఇంటివారికి అధికముగా జబ్బు అంటలేదు. అంటునది ఎక్కువగా మందు మొదలు పెట్టక మునుపే. అనగా ఇంటివారికి అపాయము మందు తినుచున్న రోగి వలన కాదు, దాచిన దగ్గు వలన.

ఆమెకు మందు ఆరంభమైన దినములలోనే వారి పదకొండేండ్ల కుమార్తెకు కూడ పరీక్ష చేసిరి. ఆ పిల్లకును జబ్బు తేలినది. ఎప్పుడు అంటెనో ఎవరును చెప్పలేరు. అయినను జనవరి నుండి ఏప్రిలు వరకు గల దినములను మేము ఇప్పటికిని లెక్కించుకొనుచుందుము.

కాబట్టి రెండు వారములకు మించి దగ్గు ఉన్న యెడల ప్రభుత్వ ఆసుపత్రిలో కఫము పరీక్ష చేయించుకొనుడి. మందు ఉచితము. సాధారణముగా ఆరు నెలలు విడువక తినవలెను. మంచి ఆహారము కొరకు రోగి బ్యాంకు ఖాతాలో ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు వేసెను. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసిరి. ఈ జబ్బు గాలిలో దగ్గు తుంపరల వలన అంటును గాని కంచము వలన, గ్లాసు వలన, కలిసి తినుట వలన అంటదు.

ఈ చివరి మాట దగ్గర కొంచెము ఆగుదము. మన తాతల కాలమున కాఫీ అంగళ్లలో మనవారికి వేరు గ్లాసు ఉండెడిది. కొన్ని చోట్ల ఆ సంగతి తాతలతో ముగియలేదు. వేరు గ్లాసులో కాఫీ ఎంత చేదుగా ఉండునో మనకు ఎవరును నేర్పనక్కరలేదు. అట్టి మనమే మన సహోదరికి వేరు గ్లాసు పెట్టి, ఆమె బిందెను జరిపితిమి. ప్రభువు బేతనియలో కుష్ఠరోగియైన సీమోను అనబడిన వాని యింట భోజనమునకు కూర్చుండెను. ఆ పంక్తిలో మనము ఎవరి ప్రక్కన కూర్చుండుదుమో ఆలోచించుకొందము.

అయితే జబ్బు సంగతి సంఘములో ఎన్నడును చెప్పరాదా? అట్లు కాదు. ఎపఫ్రొదితు చావునకు సిద్ధమగునంతగా రోగియాయెనని పౌలు ఫిలిప్పీ సంఘమునకు బాహాటముగా వ్రాసెను. తన జబ్బు సంగతి వారు వినిరని తెలిసి ఎపఫ్రొదితు వ్యాకులపడెనని కూడ వ్రాసెను. జబ్బుపడినవాని మనస్సు నాడును ఇట్లే ఉండెను. కాని పౌలు ఆ సంగతి ఒంటరిగా వ్రాయలేదు. అతడు తన సహోదరుడనియు, జతపనివాడనియు, అట్టివానిని ఘనపరచవలెననియు కలిపి వ్రాసెను. మేము ఆ శుక్రవారము జబ్బు పేరు చెప్పితిమి, ఘనత చెప్పలేదు.

అప్పటి నుండి మేము కొన్ని సంగతులు నేర్చుకొనుచున్నాము. రోగి సెలవు లేనిదే కూటములో పేరెత్తము. పేరులు దేవునికి తెలియును. ఒకరి యింటికి పోయి కుశలమడిగిన తరువాత వెంటనే వాన సంగతికి పోక, కొంచెము ఊరకుందుము. యోబు స్నేహితులు చేసిన పనులలో ఉత్తమమైనది ఏడు దినములు నేల మీద అతనితో కూర్చుండుటయే గదా. నోరు తెరచిన తరువాతనే వారు చెడగొట్టిరి. మా యింటివారు బస్టాండులో రెండు బస్సులు పోనిచ్చిరి. మేము రెండు గంటలు మాటలాడియు తెలిసికొనలేనిది వారికి అక్కడ తెలిసెను. ఆ పిల్ల తల్లి యొద్దకు కూడ పోయి క్షమాపణ అడిగితిమి. ఆమె ‘పోనీలే అయ్యగారూ’ అనినది. ఆమె యింకను శుక్రవారపు కూటమునకు రావడము లేదు. ఆమెను తొందరపెట్టు అధికారము మాకు లేదు.

ఆ యేడు ఆగస్టులో మా స్నేహితుడు మరల వచ్చెను. అదే వసారా, అదే సంగటి. ‘బాగుండారా?’ అని అడిగి మేము ఊరకుంటిమి. అతడు ఒక ముద్ద నోట పెట్టుకొని, ‘ఆమెకు నయమన్నా, రొంత ఒళ్లు జేసింది. చిన్నదానికి మాత్రలేసుకుంటే కడుపులో తిప్పుతాదంట, యాడ మానేస్తాదో అని భయంగా ఉండాది’ అనెను. మరునాడు ముగ్గురమును కలిసి ఆసుపత్రికి పోతిమి. డాక్టరు గారు మందును గూర్చి చెప్పవలసినది చెప్పిరి. ఇప్పుడు తల్లియు కుమార్తెయు బాగుగా ఉన్నారు. ఈ సంగతి వ్రాయుటకు వారి సెలవు తీసికొనియే వ్రాయుచున్నాము.

ప్రభువా, మా పెదవులకు కావలియుంచుము. మా యింటికి వచ్చువారు నిజము చెప్పుకొనుటకు మా యొద్ద చోటు దొరకునట్లు చేయుము. ఆమేన్.