తీపిపన్నును బడిపిల్లల యన్నమును

ప్రజల దురభ్యాసమువలన వచ్చు ధనముతో వారి బిడ్డలకు మేలు చేయుట ధర్మమేనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1937 లో చెన్నరాజధానిలో కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడునాటికి, చదువునకు ధనము కావలెనన్నచో కల్లు సారాయిల రాబడియే దిక్కై యుండెను. తండ్రి త్రాగిననేకాని కొడుకునకు చదువు లేదను నీ స్థితిని గాంధీమహాత్ముడు ఆ యేటనే హరిజన పత్రికలో గర్హించెను. రాజాజీ ప్రభుత్వము సేలముజిల్లాలో మద్యనిషేధము నారంభించి, మఱుసటియేట చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసి, పోయిన రాబడిని పూడ్చుకొనుటకు 1939 లో అమ్మకపు పన్నును విధించెను. అప్పుడు కృష్ణామండలమును ఆ రాజధానిలోనిదే.

నేడు సారాయి చోటున తీపినీటి సీసాను నిలిపి అదే ప్రశ్నను మరల అడుగవలసి యున్నది. బెజవాడ యెండలో బడి విడిచిన పిల్లవాడు పది యిరువది రూపాయలు చేతనుండిన దుకాణమునకే పరుగిడును. మూడువందల మిల్లీలీటర్ల కోలాలో ముప్పది గ్రాములకు పైగా చక్కెర యుండును. దీనిపై పన్ను వేసి, ఆ ధనముతో బడి భోజనమును బాగుచేయవలెనని వాదించువారు కలరు. వినుటకు ఇంపైన మాటయే.

ఆ భోజనము సామాన్యమైనది కాదు. సుప్రీముకోర్టు 2001 లో ఆజ్ఞాపించిన పిదప, 2003 నుండి మన రాష్ట్రపు బడులలో వండిన యన్నము పెట్టుచున్నారు. తరువాత గ్రుడ్డును చిక్కియు వచ్చినవి. 2023 లో రాగిజావ చేరినది. 2025 జనవరిలో బెజవాడ పాయకాపురపు ప్రభుత్వ జూనియరు కళాశాలలో, డొక్కా సీతమ్మగారి పేరిట, పై తరగతులవారికిని భోజన మారంభమైనది. ఇట్టి యన్నమును సీసాల అమ్మకమునకు ముడివేయుదుమా? అమ్మకము పెరిగిన గ్రుడ్డు, తగ్గిన గంజియా? అట్లు ముడివేసిన ప్రభుత్వము పైకి చక్కెరను నిందించుచు లోలోపల సీసాలు చెల్లవలెనని కోరుకొనును. 1995 లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము రెండేండ్లకే ఎత్తివేయబడినప్పుడు ఖజానా లోటే గదా ముఖ్యకారణముగా చెప్పబడినది!

ఇందువలన పన్ను వలదని నా యభిప్రాయము కాదు, తప్పక వేయవలెను. కాని దాని విజయము రాబడి తగ్గుటయందే యున్నది. ఇంగ్లండులో 2018 ఏప్రిలునుండి చక్కెర పాళ్లనుబట్టి సుంకము విధింపగా, పానీయములవారు ముందుగానే చక్కెర తగ్గించుకొనిరి. రాబడి తొలి యంచనాకు చాల తక్కువయ్యెను. అక్కడి పిల్లల కది లాభమే. మన దేశమున 2025 సెప్టెంబరునుండి తీపి పానీయములపై జి.యస్.టి. నూటికి 40 గా నున్నను, ఆ లెక్కకు చక్కెర గ్రాములతో పని లేదు. తక్కువ చక్కెర కలిపినవాడును ఎక్కువ కలిపినవాడును ఒకే పన్ను కట్టునెడల, తగ్గించుట కెవడు పూనుకొనును? పైగా 2017 తరువాత ఈ మార్పు మన రాష్ట్ర మొక్కటియే చేయజాలదు, జి.యస్.టి. మండలిలో వాదింపవలసి యుండును.

బీదవానిపైననే ఈ భారము హెచ్చుగా పడునను ఆక్షేపణయు ఉన్నది. అది నిజమే. అందుచేతనే ఆ ధనము వాని బిడ్డయొద్దకే మరలి రావలెను. అయితే ఏటేట తప్పని యన్నము ఖర్చు సామాన్య రాబడినుండియే జరుగవలెను. సీసాల ధనముతో ఒకసారి కట్టి నిలుపుకొను పనులు చేయవచ్చును. అందు మొదటిది ప్రతి బడిలోను చల్లని మంచినీరు. కృష్ణయొడ్డున పుట్టిన బిడ్డ దాహమునకు దుకాణమునకు పోవుట వింత గాదా?